బోనులో ఒక రోజు: కర్నూలు, కడప అడవుల నుంచి జూ దాకా

1. లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:

• మన ప్రాంతంలో బంధించిన జంతువుల పట్ల మనుషుల వైఖరి కాలక్రమంలో ఎలా మారింది
• జూలో జంతువు దినచర్య ఎలా సాగుతుంది, దానిని నిర్ణయించే అంశాలేమిటి
• 1986 నాటి కలివికోడి, 2023 నాటి పులిపిల్లల సంఘటనలు చరిత్ర విద్యార్థికి ఏం చెబుతాయి

2. పరిచయం

జూకు వెళ్ళిన ఏ పిల్లవాడైనా తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది రోజంతా ఏం చేస్తుంది?" పెద్దవాళ్ళం "తింటుంది, పడుకుంటుంది" అని చెప్పి ముందుకు నడుస్తాం. చరిత్ర విద్యార్థిగా మీరు అక్కడ ఆగి మరో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ జంతువు ఎప్పుడు తినాలో, ఎక్కడ పడుకోవాలో ఎవరు నిర్ణయించారు? దాని గురించి ఏం తెలిసి నిర్ణయించారు?

అడవిలో జంతువు రోజును ఆకలి, ఎండ, నీరు, శత్రువు నడిపిస్తాయి. మనిషి చేతిలో పడిన జంతువు రోజును మనిషికి తెలిసిన విషయాలు నడిపిస్తాయి. తెలిసింది తక్కువైతే జంతువు చనిపోవచ్చు, లేదా పిచ్చిదానిలా తిరుగుతూ బతకవచ్చు. అందువల్ల జంతు సంరక్షణ చరిత్రను బోనుల నిర్మాణ చరిత్రగా మాత్రమే చదివితే సరిపోదు. జంతువు దినచర్యను మనిషి ఎంతవరకు తెలుసుకున్నాడన్న చరిత్రగా కూడా చదవాలి. ఈ పాఠంలోని ప్రధాన వాదన ఇదే.

దీనికి ఉదాహరణల కోసం దూరం పోనక్కరలేదు. నల్లమల, లంకమల, రోళ్ళపాడు గడ్డిమైదానం మన కర్నూలు, కడప సీమలోనివే. ఇక్కడి జంతువుకు దగ్గరలో ఉన్న పెద్ద జూ తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల.

3. వేడుక కోసం పట్టిన జంతువు

1800లో కడప ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి దత్తమండలాలలో భాగంగా దక్కింది. 1839లో కర్నూలు నవాబు పాలన అంతమై ఆ ప్రాంతం కూడా కంపెనీ చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఈ రెండు జిల్లాలూ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగాలు. ఆ రాజధాని నగరంలో 1855లో ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే వైద్యుడు మ్యూజియం ఆవరణలోనే జంతువులను ఉంచి ప్రదర్శన ప్రారంభించాడు. కొన్నేళ్ళకు అది పీపుల్స్ పార్కుకు మారింది. కడప మీదుగా రైలు నడవడం మొదలైన తరువాత మద్రాసుకు వెళ్ళిన మన వాళ్ళకు "చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ" అన్న మాటలు వినిపించేవి. చచ్చిన కాలేజీ అంటే చచ్చిన జంతువుల బొమ్మలుండే మ్యూజియం. బతికిన కాలేజీ అంటే జంతుశాల. రెండింటినీ జనం ఒకే రకం వింతగా చూశారన్నది ఇక్కడ గమనించదగ్గ విషయం. జంతువు బతికి ఉండటం చూసేవాడికి అదనపు వినోదం మాత్రమే.

నగరానికి పోలేని వాళ్ళ దగ్గరికి జంతువే వచ్చేది. మా చిన్నతనంలో కడప వీధుల్లోకి గుడ్డేలుగును ఆడించేవాళ్ళు వచ్చేవారు. దాని ముక్కులోంచి తాడు దూర్చి ఉండేది. తాడు లాగితే అది రెండు కాళ్ళ మీద లేచేది, మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. దిష్టి తగలకుండా పిల్లల మెడలో కట్టడానికి ఎలుగు వెంట్రుకలు పెట్టిన తాయెత్తు కొనుక్కునే తల్లులు ఉండేవారు. అడవిలో ఎలుగు చీకటి పడ్డాక బయలుదేరి, పుట్టలు తవ్వి చెదలు పీల్చి, రేగుపళ్ళు తిని, పగలు రాళ్ళ గుహల్లో పడుకునే జంతువు. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద ఆడుతున్న ఎలుగు రోజు పూర్తిగా తలకిందులైన రోజు. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేం అడగనూ లేదు.

4. కమ్మీల నుంచి కందకానికి

1907లో జర్మనీలోని హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ ఒక కొత్త పద్ధతిలో జంతుశాల తెరిచాడు. ఇనుప కమ్మీలు తీసేసి, జంతువుకూ చూసేవాడికీ మధ్య లోతైన కందకం తవ్వించాడు. చూసేవాడికి సింహం ఆరుబయట ఉన్నట్టు కనిపించింది. అయితే ఈ మార్పు ముందుగా మనిషి కంటికి జరిగిన మేలు. జంతువు వైపు నుంచి ఆలోచించడాన్ని శాస్త్రంగా మలచినవారిలో స్విట్జర్లాండ్‌కు చెందిన హైనీ హెడిగర్ ముఖ్యుడు. అడవి జంతువు స్వేచ్ఛగా ఎక్కడపడితే అక్కడ తిరగదని, నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత దారుల్లో, వేళల ప్రకారం బతుకుతుందని ఆయన 1940లలో వివరించాడు. మనిషి ఎంత దగ్గరికి వస్తే జంతువు పారిపోతుందో ఆ దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్నాడు. బోను వైశాల్యం ఎంత అన్న ప్రశ్నతో పాటు, దాక్కోవడానికి చోటుందా, చేయడానికి పని ఉందా అన్న ప్రశ్నలు జూలలోకి ఇలా వచ్చాయి.

తెలుగు నేల మీద ఈ ఆలోచనలు స్వాతంత్ర్యం తరువాత రూపు దిద్దుకున్నాయి. హైదరాబాదులో నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరు 6న, విశాఖపట్నంలో ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల 1977లో ప్రజల కోసం తెరుచుకున్నాయి. 1987లో తిరుపతి జూ శేషాచలం కొండల పాదంలో సుమారు 5,500 ఎకరాల్లో ఏర్పడింది. చట్టాలు కూడా వెంట నడిచాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991లో దానిని సవరించి జూలకు గుర్తింపు తప్పనిసరి చేశారు. 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 1998 నాటి జాతీయ జూ విధానం అంతరించిపోతున్న జాతుల పరిరక్షణకు తోడ్పడటాన్ని జూల ప్రధాన లక్ష్యంగా ప్రకటించింది. వినోదం ఆ తరువాతి స్థానానికి వెళ్ళింది, కనీసం కాగితం మీద.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
హాగెన్‌బెక్ తెచ్చిన మార్పుకూ, హెడిగర్ ఆలోచనకూ తేడా ఏమిటి? ఐదు వాక్యాలలో రాయండి.

5. జూలో ఒక రోజు

నేటి జూలో రోజు సందర్శకులు రాకముందే మొదలవుతుంది. జంతువుల సంరక్షకుడు తెల్లవారగానే తన వంతు ఆవరణలన్నీ తిరిగి లెక్క చూస్తాడు. రాత్రి పెట్టిన మేతలో ఎంత మిగిలింది, పేడ ఎలా ఉంది, ఏ జంతువైనా కుంటుతోందా, ఎవరి దగ్గరికీ రాకుండా మూలకు చేరిందా అని గమనిస్తాడు. నోరులేని జీవి ఆరోగ్యం గురించి వైద్యుడికి అందే మొదటి సమాచారం ఇదే. ఏళ్ళ తరబడి ఒకే జంతువును చూసిన సంరక్షకుడు, అది నడిచే తీరులో చిన్న తేడాను కూడా పట్టేస్తాడు.

తరువాత పులులు, సింహాలను రాత్రి గదుల నుంచి బయటి ఆవరణలోకి వదులుతారు. గదులు కడుగుతారు. సాయంత్రం మాంసం గదిలో పెడతారు. ఆ ఆశతోనే జంతువు తనంతట తానుగా లోపలికి వస్తుంది. చాలా జూలలో పెద్ద మాంసాహారులకు వారంలో ఒక రోజు పస్తు ఉంటుంది. అడవిలో పులికి ప్రతిరోజూ వేట దొరకదు కాబట్టి ఈ పస్తు దాని ఒంటికి తగినదే. జింకలకు పచ్చిమేత, ఎలుగులకు పళ్ళు, రొట్టె, జావ వంటివి ఇస్తారు. మన ప్రాంతపు వేసవిలో నీళ్ళు చిమ్మే గొట్టాలు, నీడ పందిళ్ళు, తడిపిన పట్టాలు అదనంగా చేరతాయి.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. చిక్కు మిగతా సమయంతో వస్తుంది. అడవిలో ఎలుగు రాత్రిలో ఎక్కువ భాగం తిండి వెతకడానికే ఖర్చు పెడుతుంది. జూలో అదే తిండి గిన్నెలో పెడితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన గంటలు ఏం చేయాలి? గోడ వెంట ఒకే దారిలో అటూ ఇటూ తిరగడం, తల ఊపుతూ నిలబడటం అక్కడ మొదలవుతాయి. "చూడు, ఎంత హుషారుగా తిరుగుతోందో" అని సందర్శకుడు అనుకుంటాడు. అది హుషారు కాదు, పని లేని బతుకు లక్షణం. 2003లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రాస్ క్లబ్, జార్జియా మేసన్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అడవిలో ఎక్కువ దూరం తిరిగే మాంసాహార జాతులలోనే ఈ తిరుగుడు బోనులో ఎక్కువ.

దీనికి విరుగుడుగా జూలు జంతువుకు పని కల్పించడం నేర్చుకున్నాయి. తేనెను దుంగ తొర్రలో దాచి ఎలుగును వెతుక్కోనివ్వడం, మేతను చెట్టుకు ఎత్తున కట్టడం, కొత్త వాసనలు ఆవరణలో ఉంచడం వంటివి ఆ కోవలోవి. ఇవి చవకైన పనులే. అయితే వాటిని చేయాలంటే ఆ జంతువు అడవిలో ఏం చేస్తుందో ముందు తెలిసి ఉండాలి. తెలియనప్పుడు ఏం జరుగుతుందో చెప్పే ఉదంతం కడప జిల్లాలోనే ఉంది.

6. కడప, 1986: కలివికోడి

కలివికోడి ముళ్ళపొదల మధ్య పలుచని నేలపై తిరిగే పొడుగు కాళ్ళ పక్షి. కలివి పొదల వల్ల దానికి ఆ పేరు. ఛాతీ మీద రెండు పట్టీలు, పెద్ద కళ్ళు దాని గుర్తులు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన థామస్ జెర్డాన్ దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1848లో దీనికి శాస్త్రీయ వర్ణన వచ్చింది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించినట్లు నమోదైన తరువాత ఎనభై ఏళ్ళకు పైగా దాని జాడ లేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు.

1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె పరిసరాల్లో ఆ పక్షి బయటపడింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఆ ప్రాంతంలో గాలిస్తూ, పక్షులు పట్టే స్థానికులకు బొమ్మ చూపించి అడుగుతూ వచ్చారు. వారిలో ఒకరు రాత్రిపూట దీపం వెలుగులో ఒక పక్షిని సజీవంగా పట్టుకున్నారు. అంతకు ముందు వెతికిన వాళ్ళు చాలావరకు పగలే వెతికారు. ఇది రాత్రి తిరిగే పక్షి అన్న సంగతి శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో లేదు. పొదల మధ్య వల పన్నేవాడికి మాత్రం తెలుసు.

ప్రపంచమంతా సంతోషించిన ఆ ఘట్టానికి రెండో భాగం ఉంది. పట్టుబడిన పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. దాన్ని దగ్గర పెట్టుకున్నవాళ్ళు కావాలని నిర్లక్ష్యం చేశారని చెప్పడానికి ఆధారం లేదు. అసలు సమస్య వేరు. అది రాత్రి ఏ వేళకు మేతకు బయలుదేరుతుంది, ఏ పురుగులు తింటుంది, ఎంత తింటుంది, ఏ చప్పుడుకు బెదురుతుంది అన్నది ఆనాడు రాసిపెట్టినవారు లేరు. దినచర్య తెలియని జీవిని చేతిలోకి తీసుకుంటే ప్రేమ ఉన్నా సంరక్షణ సాధ్యపడదు.

తరువాతి పరిశోధకులు ఈ అనుభవం నుంచి నేర్చుకున్నారు. పక్షిని ముట్టకుండానే దాని రోజును చదివే పద్ధతులు వెతికారు. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి తెల్లవారి అడుగుజాడలు చూశారు. వాటంతట అవే ఫోటో తీసే కెమెరాలు అమర్చారు. దాని కూతను రికార్డు చేసి, ఆ కూత వినిపించి జవాబు కోసం చెవి ఒగ్గారు. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగు గంగ కాలువ పనులు ఆ పొదల దాకా వచ్చినప్పుడు కాలువ దారిని మార్చవలసి వచ్చింది. ఒక పక్షి కోసం కాలువ వంక తిరగడం కరువు సీమలో చిన్న విషయం కాదు. నీటి కోసం ఎదురుచూసే రైతు దాన్ని ఎలా చూశాడన్నది కూడా ఈ చరిత్రలో భాగమేనని మీరు మరచిపోకండి.

7. రోళ్ళపాడు: ఒకరి మేలు, ఒకరి నష్టం

జంతువును బంధించకుండా కాపాడితే చిక్కులు తీరిపోతాయా? నందికొట్కూరు సమీపంలోని రోళ్ళపాడు దీనికి తేలిక జవాబు ఇవ్వదు. బట్టమేక పక్షి కోసం 1988లో 6.14 చదరపు కిలోమీటర్ల గడ్డినేలను అక్కడ అభయారణ్యంగా ప్రకటించారు. బట్టమేక సాధారణంగా ఒక్కసారికి ఒక్క గుడ్డే నేల మీద పెడుతుంది. ఆ గుడ్డును కుక్క తిన్నా, పశువు తొక్కినా ఆ ప్రయత్నం వృథా.

రక్షణ వల్ల అక్కడ బాగా పెరిగినవి కృష్ణజింకలు. అవి చుట్టుపక్కల చేలల్లో పడి పంట మేశాయి. అభయారణ్యం అంటేనే రైతులకు విసుగు పుట్టింది. గొర్రెల కాపరులకు మేత నేల తగ్గింది. ఈలోగా చుట్టూ ఉన్న బీళ్ళు సాగులోకి రావడంతో, విశాలమైన బయలు కావలసిన బట్టమేక క్రమంగా కనుమరుగైంది. కంచె లోపలి నేల మాత్రమే దాని ఇల్లు అనుకోవడం పొరపాటైంది. కంచె అవతలి మెట్టచేలు, గడ్డిబీళ్ళు కూడా దాని దినచర్యలో భాగమే.

జింకలు ఎక్కువయ్యాయి కదా, పట్టి జూకు తరలించవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. తరిమి పట్టిన జింకకు భయంతో, అలసటతో కండరాలు దెబ్బతిని, గంటల్లోనో రోజుల్లోనో చనిపోయే ప్రమాదం ఉంది. పారిపోవడమే ఆత్మరక్షణగా పుట్టిన జంతువుకు చేతికి చిక్కడమే ప్రాణాంతకం. అందుకే జింకలను పట్టవలసి వస్తే పరుగెత్తించకుండా, కళ్ళు కప్పి, నిశ్శబ్దంగా పని ముగించాలంటారు పశువైద్యులు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
కలివికోడి, బట్టమేక ఉదంతాలలో మనిషికి తెలియక జరిగిన నష్టం ఏది? రెండింటినీ పోల్చండి.

8. సర్కస్ నుంచి వచ్చిన సింహాలు

1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహాలతో ప్రదర్శనలు చేయించడాన్ని నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. ఫలితంగా సర్కస్ డేరాల నుంచి సింహాలు, పులులు ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చాయి. వాటి కోసం ఏర్పరచిన రక్షణ కేంద్రాలలో తిరుపతి, విశాఖపట్నం కేంద్రాలు కూడా ఉన్నాయి.

వీటిని అడవికి వదలడం అసాధ్యం. అవి ఎన్నడూ వేటాడలేదు. వాటిలో చాలా సింహాలు ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరం కావడంతో వాటికి సంతానం కలగకుండా చూడాలని నిర్ణయించారు. అందువల్ల ఆ కేంద్రాల పని జంతువుల సంఖ్య పెంచడం కాదు, ఉన్నవాటి ముసలితనాన్ని నొప్పి లేకుండా గడపనివ్వడం. ఇరుకు బండిబోనులో బతికిన జంతువు విశాలమైన చోటికి వచ్చినా, పాత బోను పొడవంత మేరే నడిచి వెనక్కి తిరగడం జంతు సంరక్షకులకు తెలిసిన విషయమే. తలుపు తెరిచినంత మాత్రాన అలవాటు వదలదు. సందర్శకుల ముందు నిలబెట్టనవసరం లేని ఈ జంతువులకు ప్రజాధనంతో తిండి పెట్టడం, వేడుక నాటి అప్పును ఒక సమాజం ఆలస్యంగా తీర్చుకోవడమే.

9. పెద్ద గుమ్మడాపురం, 2023: నాలుగు పులిపిల్లలు

2023 మార్చి మొదటి వారంలో, పూర్వపు కర్నూలు జిల్లా నుంచి ఏర్పడిన నంద్యాల జిల్లాలో, కొత్తపల్లె మండలం పెద్ద గుమ్మడాపురం ఊరి దగ్గర నాలుగు ఆడ పులిపిల్లలు కనిపించాయి. నల్లమల పులుల అభయారణ్యం ఆ ఊరికి ఆనుకొనే ఉంది. కుక్కలు కరవకుండా ఊరివాళ్ళు వాటిని ఒక గదిలో ఉంచి అటవీశాఖకు కబురు పెట్టారు. పులి పేరు చెబితే కర్ర పట్టే రోజుల నుంచి ఇక్కడిదాకా వచ్చిన ఊరి ప్రవర్తనను చరిత్ర విద్యార్థి ప్రత్యేకంగా గమనించాలి.

అటవీ సిబ్బంది ముందుగా చేసిన ప్రయత్నం పిల్లలను తల్లి దగ్గరికి చేర్చడం. అడుగుజాడలు వెతికారు, కెమెరాలు పెట్టారు, పిల్లలను అడవి అంచుకు తీసుకెళ్ళి రాత్రి కాచుకున్నారు. తల్లి రాలేదు. చివరికి పిల్లలను తిరుపతి జూకు తరలించారు.

ఇక్కడ 1986 నాటి స్థితి లేదు. పులిపిల్లకు ఏ పాలు పట్టాలి, ఎప్పుడు మాంసం అలవాటు చేయాలి అన్నది నేటి పశువైద్యులకు బాగా తెలుసు. కష్టం మరోచోట వచ్చింది. అడవిలో పులిపిల్ల సుమారు రెండేళ్ళు తల్లి వెంట ఉంటుంది. నక్కి కూర్చోవడం, గాలి వాటం చూసుకోవడం, ఎక్కడ కరవాలో, ఎప్పుడు వదిలేయాలో తల్లిని చూసి, చేసి నేర్చుకుంటుంది. జూలో సంరక్షకుడు పాలసీసాతో వస్తే పిల్ల ఆ వాసనను, ఆ అడుగుల చప్పుడును తిండితో ముడిపెట్టుకుంటుంది. రేపు పెద్ద పులిగా మారి అడవికి పోతే, మనిషిని చూసి పారిపోవలసిన సమయంలో దగ్గరికి వస్తుంది. అది పులికీ ప్రమాదమే, గొర్రెల కాపరికీ ప్రమాదమే.

అందుకే తల్లిలేని పులిపిల్లల పెంపకంపై జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నియమాలు కఠినంగా ఉన్నాయి. అడవికి పంపదలచిన పిల్లలను మనిషి కంట పడకుండా పెంచాలి. సహజమైన పెద్ద ఆవరణలో వేట నేర్పాలి. కనీసం రెండేళ్ళ వయసు వచ్చి, సొంతంగా వేటాడగలదని రుజువైన తరువాతే వదలడం గురించి ఆలోచించాలి. సంరక్షకుడు ఇక్కడ తన సహజమైన ప్రేమకు కళ్ళెం వేసుకోవాలి. పిల్ల అరిస్తే ఎత్తుకోవాలనిపిస్తుంది, ఎత్తుకోకూడదు. పేరు పెట్టి పిలవాలనిపిస్తుంది, పిలవకూడదు. ప్రాణం నిలపడానికి చేసే ప్రతి మంచి పనీ దాన్ని అడవికి కొంత దూరం చేస్తుంది. ఏ జూ కూడా ఈ చిక్కును పూర్తిగా తప్పించుకోలేదు.

10. సారాంశం

వీధిలో ఆడిన ఎలుగు రోజును యజమాని తాడు నిర్ణయించింది. పీపుల్స్ పార్కులో చూసేవాడి సరదా నిర్ణయించింది. 1963 తరువాతి తెలుగు జూలలో కొంత శాస్త్రం, కొంత చట్టం నిర్ణయించసాగాయి. కలివికోడి విషయంలో తెలియకపోవడం ప్రాణం తీసింది. బట్టమేక విషయంలో సగమే తెలియడం చాలలేదు. సర్కస్ సింహాల విషయంలో తెలిసేసరికి ఆలస్యమైంది. పులిపిల్లల విషయంలో తెలిసినా, ఎంత దగ్గరకు తీసుకోవాలన్నది తేలని ప్రశ్నగా మిగిలింది.

ఈ చరిత్రకు మూలమైన జ్ఞానం ఎక్కువగా పేరు తెలియని మనుషుల దగ్గర ఉందని కూడా మీరు చూశారు: రాత్రి పక్షులు పట్టేవాడు, గొర్రెల కాపరి, ఉదయాన్నే పేడ చూసి జబ్బు పసిగట్టే సంరక్షకుడు. వాళ్ళలో చాలామంది ఇంకా మన ఊళ్ళలోనే ఉన్నారు. మీరు దూరవిద్య విద్యార్థులు, ఊరు విడవకుండా చదువుకుంటున్నవాళ్ళు. వాళ్ళను అడిగి రాసుకునే అవకాశం నాకంటే మీకే ఎక్కువ. వాళ్ళు పోయాక ఆ ఆధారాలు ఏ గ్రంథాలయంలోనూ దొరకవు.

11. నమూనా ప్రశ్నలు

వ్యాసరూప ప్రశ్నలు
1. "జూ చరిత్ర జంతువు దినచర్యను మనిషి తెలుసుకున్న చరిత్ర." రాయలసీమ ఉదాహరణలతో చర్చించండి.
2. పెద్ద గుమ్మడాపురం పులిపిల్లల ఉదంతం ఆధారంగా, మంచి సంరక్షణకూ అడవికి తిరిగి పంపడానికీ మధ్య ఉన్న వైరుధ్యాన్ని వివరించండి.

సంక్షిప్త ప్రశ్నలు
1. బోనులోని జంతువు ఒకే దారిలో అదేపనిగా తిరగడానికి కారణమేమిటి?
2. రోళ్ళపాడులో రైతులకు, అభయారణ్యానికి మధ్య ఘర్షణ ఎందుకు వచ్చింది?

క్షేత్ర కృత్యం
మీ ఊరిలో అరవై ఏళ్ళు దాటిన ఒక గొర్రెల కాపరినో, వేట తెలిసిన పెద్దనో కలవండి. వారికి తెలిసిన ఒక జంతువు ఉదయం నుంచి రాత్రి దాకా ఏం చేస్తుందో వారి మాటల్లోనే రెండు పుటలు రాయండి. వారు వాడిన పేర్లను, వేళలను మార్చకుండా ఉంచండి.